చెట్టులోని రెండు త్రోవలు: బడిపిల్లల పాఠమును పొలమునకు తెచ్చుట

నీరు పెట్టుట యెరుగని రైతు లేడు. కాని పెట్టిన నీరు వేరును చేరిన తరువాత ఏ త్రోవను పోవుచున్నదో యెరిగినవారు మనలో కొలదిమంది. బోరునుండి మడివరకు నీటి జాడ కంటికి కనబడును. మడినుండి ఆకువరకు గల జాడ కనబడదు. ఆ కనబడని జాడను గురించి మన పిల్లలు బడిలో చదువుచున్నారు. దాని ఫలితములను మనము ప్రతిదినమును పొలములో చూచుచున్నాము. పిల్లలు చదివినది మనకు చేరుటలేదు; మనము చూచినది పిల్లలకు చేరుటలేదు. ఒకే యింటిలో సగము సగముగా నున్న యీ తెలివిని ఒకచోట చేర్చుట యెట్లో విచారించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇబ్రహీంపట్నము హైదరాబాదునకు ఆగ్నేయమున సుమారు 30 కిలోమీటర్ల దూరములో, నాగార్జునసాగరునకు పోవు బాటమీద నున్నది. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేర ఈ యూరును పెద్దచెరువును వెలసినవని పెద్దలు చెప్పుదురు. చెరువు నిండిన సాలు ఆయకట్టు పచ్చగా నుండును. నిండని సాలు బోరే దిక్కు. మన నేలలు చాలవరకు ఎర్ర చెలకలు. నీటిని ఎక్కువకాలము పట్టియుంచవు. సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన మనకు లభించును. అదియు కొన్ని దినములలోనే కురిసిపోవును. ఇట్టి నేలలో టమాట, వంకాయ, బెండ, బీర, చిక్కుడు, పూలు పండించి నగరమునకు పంపుచున్నాము.

2018 జనవరి 1 నుండి మన రాష్ట్రమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఏర్పాటైనది. మోటారు నడుపుటకు ఖర్చు లేదుగనుక నీటికిని ఖర్చు లేదని తలచుట పొరపాటు. బోరు ఎండిననాడు ఆ ఖర్చంతయు ఒక్కసారిగా మన తలమీద పడును. కావున పెట్టిన ప్రతి తడియు మొక్కకు పనికివచ్చినదా లేదా యని యెరుగుట రైతునకు వేడుక కాదు, అవసరము.

ఒక తోటలో చూచినది

మాకు తెలిసిన యొక రైతు అరయెకరమున టమాట వేసెను. కాయ పట్టు సమయమున ఒక మూల మొక్కలు ఆకు పచ్చగా నుండగానే తల వ్రాల్చినవి. నీరు చాలలేదని తలచి ఆయన ఒక తడి పెట్టెను. మరునాటికి మరికొన్ని వ్రాలినవి. మరల తడి పెట్టెను. మూడవ తడి పెట్టుచుండగా మేము ఆ తోవను పోవుట తటస్థించినది.

ఆయన కుమార్తె పదవ తరగతి చదువుచున్నది. జీవశాస్త్రములో ప్రసరణ యను పాఠమైనదా యని యడుగగా, “అయినది. దారువు నీటిని, లవణములను వేరునుండి ఆకులకు కొనిపోవును. పోషకకణజాలము ఆకులలో తయారైన ఆహారమును ఇతర భాగములకు కొనిపోవును” అని తడుముకొనక చెప్పినది. చాల సంతోషించితిమి. “అట్లయిన, అమ్మా, మీ తోటలో ఈ రెండింటిలో ఏ త్రోవ చెడినది?” అని యడిగితిమి. ఆ పిల్ల మౌనము వహించినది. పుస్తకములోని దారువు తన తోటలోని టమాట కాడలోనే యున్నదని ఆమెకు ఎవరును చెప్పలేదు.

వాడిన మొక్క నొకదానిని మొదటికంట కోసి, బెత్తెడు కాడ ముక్కను గాజుగ్లాసులోని తేట నీటిలో కోసిన కొన మునుగునట్లు వ్రేలాడదీసితిమి. కొన్ని నిమిషములకు ఆ కొననుండి సన్నని పొగవలె తెల్లని తీగ యొకటి నీటిలోనికి జారినది. మంచి మొక్క కాడను అట్లే పెట్టిచూడగా ఏమియు రాలేదు. ఆ తెల్లని తీగ బాక్టీరియా యను సూక్ష్మజీవుల గుంపు. అవి నేలనుండి వేరులో దూరి, దారువును నింపివేసి, నీటి త్రోవను మూసివేయును.

పిల్ల వెంటనే గ్రహించినది. “నాయనా, త్రోవయే మూసికొనిపోయినది. నీరెంత పెట్టినను పైకి ఎక్కదు” అన్నది. తండ్రి మోటారు కట్టివేసి, “అయ్యా, మూడు తడులు పెట్టితిని. ఈ మడి నీరే క్రింది మళ్లకు పారినది” అని తలపట్టుకొనెను. ఆయన భయపడినది నిజమే. ఈ తెగులు పారు నీటితో వ్యాపించును. నీరు మందగునని తలచి పెట్టిన తడులే తెగులును మోసికొనిపోయినవి. పాఠము తెలిసిన పిల్ల ఇంటిలోనే యున్నది. తోట చూచుచున్న తండ్రియు ఇంటిలోనే యున్నాడు. ఇద్దరును మొదటి దినముననే కలిసి చూచియున్న, ఆ మూల మొక్కలతోనే నష్టము ఆగియుండెడిది.

వేరు నీటిని త్రాగు విధము

వేరంతయు నీరు త్రాగదు. ముదిరిన లావు వేళ్లు చెట్టును నిలబెట్టుటకును, వచ్చిన నీటిని మోయుటకును ముఖ్యముగా పనికివచ్చును. నీటిని పీల్చునది లేతవేరు కొనకు కొంచెము వెనుకగా నుండు సన్నని నూగు. దీనినే పుస్తకమున మూలకేశములందురు. ఆవాలను తడికాగితముమీద చల్లి మూతపెట్టిన, మొలకెత్తిన రెండుమూడు దినములకు తెల్లని నూగు స్పష్టముగా కనబడును. బూజు పట్టినదని పారవేయరాదు. పిల్లలకు అదియే మొదటి పాఠము.

నారు పీకునప్పుడు ఈ నూగు చాలవరకు తెగిపోవును. నాటిన మొక్క ఒకటి రెండు దినములు తలవాల్చుటకు కారణమిదియే. వేళ్లకు మట్టి అంటియుండగా నారు తీసి, ఎండ తగ్గిన తరువాత సాయంకాలము నాటుట మంచిదని మన పెద్దలు చెప్పుట ఇందుచేతనే. ఎదిగిన మామిడికి మొదటిలోనే నీరు పోయుటకంటె, కొమ్మల నీడ అంచున పాదు తీసి పోయుట మేలగుటకును ఇదియే కారణము. నీరు త్రాగు లేత వేళ్లు దూరముగా నుండును.

నీరు వేరులోనికి ఏల చొచ్చును? ఈ ప్రశ్నకు జవాబు మన వంటింటిలోనే యున్నది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించిన కొంతసేపటికి ఊట దిగును. ముక్కలోని నీరు ఉప్పువైపునకు వచ్చివేయుటయే ఊట. ఎండుద్రాక్షను మంచినీటిలో వేసిన, నీరు లోనికి చొచ్చి పండు ఉబ్బును. సన్నని పొరకు ఒకప్రక్క పలుచని ద్రవమును మరియొకప్రక్క చిక్కని ద్రవమును ఉన్నప్పుడు, నీరు పలుచని ప్రక్కనుండి చిక్కని ప్రక్కకు పోవును. దీనికి ద్రవాభిసరణమని పేరు. వేరులోని రసము మట్టిలోని నీటికంటె చిక్కనిది. కావున నీరు లోనికి పోవును.

ఇక యూరియాను మొక్క మొదట కుప్పగా పోసిన ఏమగును? మట్టినీరు వేరులోని రసముకంటె చిక్కనై, నీరు వేరునుండి వెలికి రాజూచును. అనగా మొక్కను నేలలోనే ఊరగాయ పెట్టినట్లగును. చుట్టును తడి యుండగానే మొక్క వాడి, ఆకు అంచులు మాడును. ఎరువును కొంచెము కొంచెముగా, మొదటికి దూరముగా వేయుమని చెప్పుటలోని రహస్యమిదియే. దీనిని బోధించుటకు ఉపాధ్యాయునికి ప్రయోగశాల యక్కరలేదు. ఉప్పు, కాయముక్కలు, రెండు గిన్నెలు చాలును.

నీరు పైకి ఎక్కు విధము

బావుల కాలమును ఒకసారి తలచుకొనుడు. ఒడ్డుమీది మోటారు లోతునుండి నీటిని గుంజలేక, రైతులు బావిలోపలనే గద్దె కట్టి మోటారును క్రిందికి దింపుకొనిరి. పీల్చు పంపు ఎంత గొప్పదైనను నీటిని 34 అడుగులకు మించి పైకి తేజాలదు. వాడుకలో 25 అడుగులు దాటుటయే కష్టము. గాలి బరువు నీటిని నెట్టగల యెత్తు అంతియే. నేటి బోరు మోటారు నీటిలో మునిగియుండి క్రిందినుండి నెట్టుచున్నది గనుక వందల అడుగుల నుండి తేగలుగుచున్నది.

మరి మన గట్టుమీది తాడిచెట్టు అరువది అడుగులుండును. నూరడుగులకు చేరునవియు కలవు. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున 380 అడుగుల ఎత్తుగల వృక్షము కలదు. ఆ కొనయాకునకు నీటిని ఏ మోటారు ఎత్తుచున్నది?

వేరు కొంత నెట్టుననుట నిజము. తెల్లవారుజామున వరినారు ఆకు కొసలందు ముత్యములవలె నిలుచు చుక్కలన్నియు మంచు కావు. వాటిలో చాలవరకు వేరు నెట్టగా ఆకు కొసనుండి వెలువడిన నీరే. ఇంగ్లండునందు స్టీఫెన్ హేల్స్ అను ఆయన కత్తిరించిన ద్రాక్షకొమ్మకు గాజుగొట్టమును బిగించి, రసము ఎంత బలముతో పైకి వచ్చునో కొలిచి, 1727లో ప్రకటించెను. హైదరాబాదు పరిసరములలో అనాబెషాహి ద్రాక్షతోటలు విరివిగా నుండిన దినములలో, కత్తిరింపు తరువాత కొమ్మలు కన్నీరు కార్చుట మనవారెందరో చూచినదే. కాని ఈ వేరు నెట్టుడు పొడుగు చెట్టునకు చాలదు.

అసలు బలము పైనున్నది. 1894లో ఐర్లండునకు చెందిన డిక్సన్, జోలీ యను నిద్దరు పండితులు ఈ సంగతిని వివరించిరి. ఎండకు ఆకునుండి నీరు ఆవిరియైపోవును. పోయిన నీటి స్థానమునకు దాని వెనుకనున్న నీరు లాగబడును. నీటి కణములు ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొనియుండుటచే, సన్నని గొట్టములలో నీరు తెగని తాడువలె నుండును. బావిలో చేదతాడును పైనుండి లాగిన క్రింది కొసయు కదలును గదా! అట్లే ఆకు కొసన లాగిన లాగుడు వేరువరకు అందును. ఈ గొట్టములే దారువు. చిత్రమేమనగా, నీరు మోయు ఆ గొట్టములు ప్రాణము లేని కణముల బోలు గోడలు. చెట్టు తన చచ్చిన భాగముచేతనే నీటిని మోయించుకొని, లాగుడు పనిని సూర్యునికి అప్పగించినది. మన దేశీయుడగు జగదీశ్ చంద్ర బోసు, బ్రదికియున్న కణముల స్పందనచేత రసము పైకి ఎక్కునని 1923లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఆ మతము నిలువలేదు. లాగుడు మతమే నేడు బోధింపబడుచున్నది.

పంపు గొట్టములో గాలి పట్టిన నీరు ఎత్తదని మనకు తెలియును. పూకాడను కోసి ఆరుబయట ఉంచినప్పుడును ఇదియే జరుగును. తాడు తెగి కాడలోనికి గాలి చొచ్చును; తరువాత నీటిలో పెట్టినను పూవు నీటిని సరిగా త్రాగదు. పూలు పంపు సభ్యులు కాడలను చల్లని వేళ కోసి, వెంటనే నీటిలో ముంచి, ఆ నీటిలోనే కొనను మరి అంగుళము కత్తిరించిన, పూవు ఎక్కువకాలము నిలుచును.

ఆకుల తూములు

చెరువునకు తూమును, తూమునకు నీరటియు ఉన్నట్లే, ఆకునకు పత్రరంధ్రములును వాటిని తెరచి మూయు కాపుకణములును కలవు. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఈ తూములగుండ గాలిలో కలిసిపోవును. ఒక మక్కజొన్న మొక్క తన జీవితకాలమున ఇంచుమించు 200 లీటర్ల నీటిని ఇట్లు విడుచును. ఇది వట్టి దుబారా యనరాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చుటకు తూములు తెరువక తప్పదు. అవి తెరచినప్పుడు నీరు పోక తప్పదు. ఆ వాయువే ఆహారమునకు ముడిసరుకు. నీరు పోవుటచే ఆకు చల్లబడుటయు, నేలలోని లవణములు పైకి వచ్చుటయు జరుగును.

మిట్టమధ్యాహ్నము బీర, సొర ఆకులు వ్రాలుట చూచి తొందరపడరాదు. ఆవేళ ఆకు విడుచు నీరు వేరు తెచ్చు నీటికంటె ఎక్కువ. పొద్దు వాలగనే ఆకు తిరిగి నిలిచిన, మొక్కకు ఏ లోపమును లేదు. తెల్లవారుజామున కూడ వ్రాలియున్న మొక్కయే నిజముగా కష్టములో నున్నది. కావున మొక్క దాహమును మధ్యాహ్నము అడుగరాదు, తెల్లవారుజామున అడుగవలెను.

టమాట కాయ అడుగు నల్లబడి గుంటపడుటయు ఈ నీటి త్రోవకు సంబంధించినదే. కాయకు కావలసిన సున్నపు లవణము, అనగా కాల్షియము, నీటితోడనే ప్రయాణము చేయును. ఒకనాడు ముంచివేసి మరి పదిదినములు ఎండబెట్టిన, ఆ లవణము కాయకు క్రమముగా అందదు. నేలలో అది యున్నను ప్రయోజనము లేదు. కొద్దికొద్దిగా, క్రమముగా పెట్టిన తడియే దీనికి మందు.

రెండవ త్రోవ: ఆహారము

ఇక ఆకు వండిన ఆహారము సంగతి. ఇది పోవు త్రోవ వేరు. చెట్టు బెరడు లోపలి పొరలో నుండు పోషకకణజాలము దీనిని మోయును. నీరు ఎల్లప్పుడును పైకే పోవును. ఆహారము మాత్రము అక్కర యున్న వైపునకు పోవును. వేరుశనగకును ఉల్లికిని క్రిందికి పోవును. పైకొమ్మలోని కాయకు పైకి పోవును.

గట్టుమీది వేపచెట్టునకు చుట్టును బెరడు ఒలిచిన ఏమగును? ఆకులు వెంటనే వాడవు. కొన్ని నెలలు పచ్చగానే నిలుచును. నీటి త్రోవ లోపలి కొయ్యలో నున్నది గనుక అది తెగలేదు. కాని ఆకు వండిన ఆహారము ఒలిచినచోటునకు క్రిందికి దిగదు. వేళ్లు ఆకలితో మాడి చచ్చును. వేళ్లు చచ్చిన పిదప చెట్టు చచ్చును. మేకలు బెరడు కొరికిన చెట్లు, బిగించి మరచిన కంచెతీగ కోసుకొనిన చెట్లు ఇట్లే నెమ్మదిగా చచ్చును. వాడినది ఈనాడు, చంపినది ఏనాడో యగుటచే కారణము మనకు తోచదు.

ఇదే సంగతిని తోటమాలి తన లాభమునకు వాడుకొనును. దానిమ్మ, జామ కొమ్మకు అంగుళము వెడల్పున బెరడు ఉంగరమువలె తీసి, తడినాచు చుట్టి గాలియంటు కట్టును. క్రిందికి దిగజాలని ఆహారము గాటు పై అంచున నిలిచి ఉబ్బును. అచ్చటనే వేళ్లు పుట్టును. 17వ శతాబ్దమున ఇటలీదేశపు మాల్పీగీ యను పండితుడు ఇట్లే బెరడు ఉంగరము తీసి, పై అంచు ఉబ్బుట చూచి విచారించెను. మన తోటమాలి చేతిలో నిత్యము జరుగుచున్నది ఆ ప్రయోగమే.

ఈ త్రోవలో ప్రవహించు రసము ఎట్టిదో చూడవలెనన్న గీతకార్మికుని అడుగవలెను. తాడిచెట్టు గెలను ఆయన గీసినప్పుడు లొట్టిలోనికి కారు తీపిరసము చెట్టు కాయలకై పంపుచున్న ఆహారమే. పులియకముందు దానిలో నూటికి పదిపాళ్లకు అటునిటుగా చక్కెర యుండును. గెలను దినదినము గీయుచున్నను తాడిచెట్టు చావదేల? తాడికి వేపవలె ఒక్క బెరడు పొరలోనే ఆహారపు త్రోవ యుండదు. నీటి త్రోవయు ఆహారపు త్రోవయు జంటలుగా కలిసి మ్రానంతటను చెదరియున్నవి. గెలను గీయుటచే ఆ గెలకు పోవు ఆహారమే మనకు వచ్చును. మ్రానులోని త్రోవలు చెడవు.

చిక్కుడుమీది పేనుబంకయు గీతగాడే. తన సన్నని ముక్కును సూటిగా ఆహారపు త్రోవలో దింపును. 1953లో కెనడీ, మిట్లర్ అను శాస్త్రజ్ఞులు పురుగును ముక్కువద్ద కోసివేసి చూడగా, మిగిలిన ముక్కునుండి రసము చాలసేపు కారుచునే యుండెను. అనగా పురుగు పీల్చుటకంటె చెట్టు నెట్టుటయే ఎక్కువ. జర్మనీకి చెందిన మ్యూంక్ 1930లో దీనికి కారణము చెప్పెను. ఆకువద్ద చక్కెర చేరి రసము చిక్కబడగా ప్రక్కనున్న దారువునుండి నీరు చొచ్చి వత్తిడి పుట్టును. ఆ వత్తిడి రసమును వాడుక జరుగు చోటికి గంటకు ఒక మీటరుకు అటునిటుగా నెట్టును. పేనుబంక తనకు మించిన తీపిని వెనుకనుండి విడుచును. దానికై చీమలు చేరును, దానిమీద నల్లని మసి పట్టును. చీమల బారు కనబడిన కొమ్మను తిప్పి చూడుమని పిల్లలకు నేర్పిన, తెగులును మొదటి వారములోనే పట్టుకొనవచ్చును.

వాడిన మొక్కను చదువుట

పైన చెప్పినదంతయు రైతునకు పనికివచ్చునది ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది: మొక్క వాడినప్పుడు త్రోవ ఎచ్చట తెగినది?

మధ్యాహ్నము వాడి సాయంకాలము లేచిన, ఏమియు చేయనక్కరలేదు. తెల్లవారుజామున వాడియుండి, జానెడు లోతు త్రవ్విన మట్టి పొడిగా నున్న, తడి పెట్టవలెను. మట్టి తడిగా నుండియు వాడిన, తడి పెట్టరాదు, కారణము వెదకవలెను. నీరు నిలిచి వేళ్లకు గాలి అందకున్న, కాలువ తీసి నీటిని వెడలింపవలెను. ఎరువు వేసిన రెండుమూడు దినములకే ఆకు అంచులు మాడిన, ఉప్పు ఎక్కువైనదని యెరుగవలెను. కంది, ఆముదము కాండమును నిలువుగా చీల్చగా లోపల గోధుమరంగు చారలు కనబడిన, శిలీంధ్రము నీటి త్రోవను మూసిన ఎండుతెగులు. టమాట, వంకాయ కాడనుండి గ్లాసులో తెల్లని తీగ దిగిన, పైన చెప్పిన బాక్టీరియా తెగులు. ఈ రెండింటికిని నీరు మందు కాదు. మొక్కలను వేళ్లతో పెరికి కాల్చవలెను. ఆ మడి నీటిని క్రింది మడికి పారనీయరాదు. టమాట పోయిన చోట వంకాయను, మిరపను వెంటనే వేయక వరినిగాని మక్కనుగాని వేయవలెను.

బడిలో నేర్పవలసిన విధము

ఈ పాఠమును నాలుగు దినములలో చెప్పవచ్చునని మా యభిప్రాయము. మొదటి దినమున తెల్లచామంతి కాడను ఎర్రసిరా కలిపిన నీటిలోను, కాశీతుమ్మ మొక్కను వేళ్లతో తీసి అట్టి నీటిలోను పెట్టవలెను. కొన్ని గంటలకు రేకులందు ఎర్రని ఈనెలు దేలును; కాశీతుమ్మ కాడను అడ్డముగా కోసిన ఎర్రని చుక్కలు కనబడును. అవియే దారువు. రెండవ దినమున ఒక కుండీలోని మట్టిని ప్లాస్టిక్ సంచితో మూసికట్టి, మొక్కతో సహా ప్రొద్దునను సాయంకాలమును తూచి, ఎంత నీరు ఆవిరియైనదో లెక్కింపవలెను. మరియొక కొమ్మకు సంచి కట్టి లోపల చేరు చెమటను చూపవలెను. మూడవ దినమున ఉప్పు పట్టించిన కాయముక్కలు, ఎండుద్రాక్షలు, గాలియంటు కట్టిన దానిమ్మ కొమ్మ. నాలుగవ దినమున పొలము. ఆ దినమున ఉపాధ్యాయుడు కొంతయు, రైతు కొంతయు చెప్పవలెను.

ఇందులో సంఘ సభ్యులు చేయవలసినది స్వల్పము. ఊరి బడికి దగ్గరనున్న సభ్యుడొకడు సాలుకు ఒక పూట తన తోటను పిల్లలకు చూపవలెను. వాడిన మొక్కలు నాలుగింటిని పెరికి ఇచ్చుటకు వెనుదీయరాదు. పురుగుమందు చల్లిన పొలమునకు మాత్రము పిల్లలను పిలువరాదు. తెగులు మొక్కలను తాకినవారు చేతులు కడుగకుండ వేరొక తోటలో అడుగు పెట్టరాదు. ఉపాధ్యాయులు పిల్లలచేత దారువు, పోషకకణజాలము అను పేర్లు వల్లింపజేయుటతో తృప్తిపడక, “మీ పొలములో ఇది యెచ్చట చూచితివి?” అని యడుగవలెనని మా మనవి. ఆ ప్రశ్నకు జవాబు తెచ్చిన పిల్లవాడు పరీక్షలోను తప్పడు.

మన మండలమునకు చేరువనే, యాచారము మండలమున గునుగల్లులో, మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ వారి క్షేత్రము కలదు; రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయము కలదు. గ్లాసు పరీక్షలో సందేహము కలిగిన మొక్కను అట్టిచోటులకు కొనిపోయి చూపవచ్చును. కాని మొదటి పరీక్ష మన గట్టుమీదనే, మన పిల్లల చేతనే జరుగవలెను. వారమునకు వచ్చు సలహాకంటె ఆ ఉదయము కలిగిన అనుమానము ఎక్కువ మొక్కలను కాపాడును.

మేము చెప్పిన రైతు ఆ మూల మొక్కలను పెరికి కాల్చెను. క్రింది మళ్లలోను కొన్ని పోయినవి. తరువాతి పంటకు ఆ చోట మక్క వేసెను. నేడు ఆయన తోటలో ఏ మొక్క వ్రాలినను మోటారు మీట నొక్కకముందు కుమార్తెను పిలుచును. ఆమె గాజుగ్లాసు తీసికొని వచ్చును. మన ప్రతి సభ్యుని యింటిలోను గాజుగ్లాసు ఉన్నది, చాలమంది యిండ్లలో బడికి పోవు బిడ్డయు ఉన్నది. ఈ రెండింటిని పొలమునకు తీసికొనిపోవుటకు సంఘము తీర్మానము చేయనక్కరలేదు. రేపటి తెల్లవారుజామున బయలుదేరిన చాలును.